ఫీల్డ్ వర్క్ ఎవరి కోసం?

వేసవి వచ్చిందంటే పెడన వీధుల్లోకి ప్రశ్నపత్రాలు పట్టుకుని డిగ్రీ పిల్లలు వస్తారు. ఎక్కువమంది ఆడపిల్లలే. మెడలో కాలేజీ కార్డు, చేతిలో లాగ్ బుక్కు, ఎండకి తలమీద చున్నీ. "ఆంటీ, ఒక్క అరగంట" అంటూ గుమ్మంలో నిలబడతారు. మా ఊరి ఆడవాళ్లు కాదనరు. ఆడపిల్ల చదువుకుంటోంది కదా అన్న ఆపేక్షతో పీట వేసి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అడిగిందల్లా చెబుతారు. ఎంత వస్తుంది, ఎంత అప్పుంది, మరుగుదొడ్డి ఉందా, మగవాళ్లు తాగుతారా, ఇంట్లో గొడవలున్నాయా, అన్నీ. ఆ కాగితాలు ఎక్కడికి పోతాయో, వాటితో ఏం చేస్తారో వెనక్కి వచ్చి చెప్పినవాళ్లు మాత్రం నాకు తెలిసి ఒక్కరూ లేరు.

నా కోపం ఆ పిల్లల మీద కాదు. వాళ్లని పంపించే కాలేజీల మీద, వాళ్ల చేత పని చేయించుకునే సంస్థల మీద. ఈ పత్రిక చదివే మనలో చాలామందిమి ఆ సంస్థల్లోనే ఉన్నాం. ఆ లాగ్ బుక్కుల మీద సంతకాలు పెడుతున్నది మనమే. కనుక ఈ చర్చ మన ఇంట్లోనే మొదలుకావాలి.

బి.ఏ.లో సోషల్ వర్క్ ఒక సబ్జెక్టుగా తీసుకున్న పిల్లలకు ఫీల్డ్ వర్క్ ఉండటం కొత్త కాదు. కొత్తగా వచ్చినదల్లా ఆ చదువు చదవని వాళ్లని కూడా ఫీల్డుకి తోలడం. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళిక మార్చినప్పుడు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని ఒకటి అందరికీ తప్పనిసరి చేసింది. బి.కాం. అయినా, బి.ఎస్సీ. అయినా మొదటి ఏడాది అయిపోగానే వేసవిలో 180 గంటలు ఒక ఊళ్లోనో వార్డులోనో సర్వే చేయాలి, ఏదో ఒక సేవా కార్యక్రమం చేయాలి, లాగ్ బుక్కు రాయాలి, రిపోర్టు ఇవ్వాలి, వైవాకి కూర్చోవాలి. ఇందుకు 4 క్రెడిట్లు. 2023-24లో నాలుగేళ్ల ఆనర్స్ కోర్సు తెచ్చినప్పుడు కూడా దీన్ని ఉంచారు. పేరుకి గొప్ప ఆలోచనే. నాలుగు గోడల మధ్య చదివే పిల్లలు నలుగురి బతుకులూ చూడాలంటే ఎవరు వద్దంటారు? కానీ సోషల్ వర్క్ చదువుకి ఒక పద్ధతి ఉంది. బొంబాయి నాగ్‌పాడా మురికివాడలో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ నడిపిన నైబర్‌హుడ్ హౌస్ అనుభవంలోంచి 1936లో సర్ దొరాబ్జీ టాటా స్కూల్ పుట్టింది. నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ అదే. ఫీల్డులో ఏం చూశావు, ఏం చేశావు, ఎందుకు అలా చేశావు అని విద్యార్థిని వారం వారం కూర్చోబెట్టి అడిగే సూపర్‌వైజరు ఉండటం ఈ చదువుకి ప్రాణం. ఎదుటి మనిషి చెప్పింది నాలుగో చెవిన పడకుండా చూడటం మొదటి పాఠం. ఇప్పుడు జరుగుతున్న దాంట్లో ఫీల్డు ఉంది, వర్కు ఉంది, ఈ రెండూ లేవు. క్లాసు మొత్తానికి ఒక మెంటరు. ఆయన ఎండాకాలంలో పెడన సందుల్లోకి వస్తాడని ఎవరూ అనుకోరు, పాపం ఆయన కూడా అనుకోడు.

ఇక ఆ ప్రశ్నపత్రం సంగతి చూద్దాం. నేను ఈ ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని. మా అమ్మ కండెలు చుట్టి మమ్మల్ని పెంచింది. పిల్లలు తెచ్చే కాగితాల్లో మొదటి గడి "కుటుంబ యజమాని పేరు". అక్కడ మగవాడి పేరు రాస్తారు. తర్వాత "వృత్తి". ఆయనకు "చేనేత". ఆమె దగ్గరికి వచ్చేసరికి "మీరేం చేస్తారాంటీ?" అని అడుగుతుంది పిల్ల. "నేనేం చేస్తానమ్మా, ఇంట్లోనే ఉంటాను" అంటుంది ఆమె, రాట్నం తిప్పుతూనే. పిల్ల "గృహిణి" అని రాసుకుంటుంది. ఆమె చేతిలో చిలప ఉంది. పక్కన గంపలో చుట్టిన కండెలున్నాయి. ఆ కండెలు లేకపోతే నాడె కదలదు, మగ్గం ఆగిపోతుంది. పడుగుకి సాయం పట్టేది, గంజి పెట్టేటప్పుడు నిలబడేది, తెగిన పోగు అతికేది ఆమె. షావుకారు కూలి ఇచ్చేది చీరల లెక్కన, మగ్గం మీద కూర్చున్న మనిషి చేతికి. ఇంటిల్లిపాది శ్రమకు ఒక్కడి పేరున కూలి. ఆ అన్యాయాన్ని మనం ఎన్నో ఏళ్లుగా మీటింగుల్లో చెబుతున్నాం. ఇప్పుడు మన సంతకంతోనే, మన సంస్థ ముద్రతోనే, ఆమె మళ్లీ "గృహిణి" అయి కాలేజీ బీరువాలోకి వెళ్లిపోతోంది.

ఇది మాటల పట్టింపు కాదు. 2019 డిసెంబరు నుంచి 2023 దాకా రాష్ట్ర ప్రభుత్వం నేతన్న నేస్తం కింద ఏడాదికి 24 వేల రూపాయలు ఇచ్చింది. 2022 ఆగస్టులో నాలుగో విడత డబ్బు విడుదలైంది పెడన సభ నుంచే. సొంత మగ్గం ఉన్న కుటుంబానికే ఆ డబ్బు. షెడ్డులో షావుకారు మగ్గం మీద నేసేవాళ్లు, ఇంకొకరి మగ్గానికి కండెలు చుట్టిపెట్టే ఒంటరి ఆడవాళ్లు ఆ లెక్కలోకి రారు. కలంకారీ షెడ్లలో పొద్దస్తమానం నిలబడి అచ్చు వేసే ఆడవాళ్లు, కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డ ఎండలో ఆరవేసేవాళ్లు అసలే రారు. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన నేసేవాళ్లను ఒక లెక్కగా, అనుబంధ పనుల వాళ్లను ఇంకో లెక్కగా చూపించింది. అంటే ఢిల్లీ నుంచి వచ్చిన ఫారానికి తెలిసిన సంగతి మన పక్క ఊరి కాలేజీ ఫారానికి తెలియదు. ఏటేటా మా వీధుల్లో తిరిగే పిల్లలు, ఎవరు ఎన్ని గంటలు ఏ పని చేస్తున్నారో రాసి ఉంటే, ఈపాటికి కలెక్టరు బల్ల మీద పెట్టడానికి మా చేతిలో ఒక కాగితం ఉండేది.

సర్వే అంటే అలాంటిది కావాలి. చికాగోలో జేన్ ఆడమ్స్ నడిపిన హల్ హౌస్ ఆడవాళ్లు పేటలోనే ఏళ్ల తరబడి కాపురం ఉన్నారు. ఇళ్లలో, ఇరుకు గదుల్లో ముక్క లెక్కన బట్టలు కుట్టే ఆడవాళ్ల పరిస్థితిని ఫ్లోరెన్స్ కెల్లీ గడప గడపకీ తిరిగి రాసింది. 1893లో ఇల్లినాయ్ రాష్ట్రం ఫ్యాక్టరీల తనిఖీకి, ఆడవాళ్ల పనిగంటలను ఎనిమిదికి తగ్గించడానికి చట్టం చేసింది. ఆ ఇన్‌స్పెక్టర్లకి పెద్దగా కెల్లీనే నియమించారు. రెండేళ్లకి కోర్టు ఆ ఎనిమిది గంటల నిబంధనని కొట్టేసింది, అది వేరే సంగతి. ఒక ప్రశ్నపత్రం ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి ఇది గుర్తు చేస్తున్నాను. మన దగ్గర అది వైవా టేబుల్ దాకా వెళ్లి ఆగిపోతోంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. నలభై మంది విద్యార్థులు, తలా యాభై ఇళ్లు, ఇంటికి అరగంట. వెయ్యి గంటలు అవుతుంది. రాట్నం ముందు కూర్చునే ఆడవాళ్ల వెయ్యి గంటలు. మగ్గం మీది మనిషి "కండె ఏదీ?" అని కేక వేస్తాడు. ఆ కేక ఆమె పడాలి. ఈ వెయ్యి గంటలకీ ఎవరి పద్దులోనూ చోటు లేదు. 180 గంటల విద్యార్థికి 4 క్రెడిట్లు, ఆమెకి మంచినీళ్ల గ్లాసు కడుక్కునే పని.

దీనికన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఈ ప్రాజెక్టు చేసేవాళ్లకి వీలైనంతవరకు ఇంటికి దగ్గర ఊరే ఇవ్వాలని నిబంధన. సాయంత్రానికి ఇల్లు చేరుకోవచ్చని. ఆడపిల్లలకి అది మంచిదే. కానీ దానర్థం ఏమిటంటే అడిగేవాళ్లూ చెప్పేవాళ్లూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. రెండు మూడేళ్ల క్రితం మా వార్డులో ఒకామె తన భర్త కొట్టే సంగతి సర్వేకి వచ్చిన పిల్లకి చెప్పుకుంది. మాకు కూడా చెప్పనిది చెప్పింది. పిల్ల మంచిది, కళ్లనీళ్లు పెట్టుకుంది, రిపోర్టులో ఇంటిపేరుతో సహా వివరంగా రాసింది. ఎవరైనా ఆ పిల్లకి పేర్లు రాయకూడదని చెబితే కదా! రిపోర్టుల కట్ట కాలేజీలో బల్ల మీద పడి ఉంది. అదే వీధి కుర్రాడు ఒకడు చదివాడు. వారంలో సంగతి భర్త చెవిన పడింది. ఆ రాత్రి ఆమె మా ఇంటికి వచ్చింది. నేను ఆ కాలేజీ మీద మండిపడుతుంటే ఆమె అన్న మాట ఇది: "ఆ పిల్లనేమీ అనకండక్కా. అడిగేవాళ్లు లేకపోబట్టేగా నేను అన్నాళ్లూ చెప్పనిది."

గృహహింస చట్టం వచ్చింది 2005లో. 181 నంబరు ఉంది, జిల్లా కేంద్రంలో వన్ స్టాప్ సెంటరు ఉంది, రక్షణాధికారి ఉన్నారు. ఆ పిల్లకి ఈ నాలుగు ముక్కలూ తెలిసి ఉంటే ఆమెకు ఆ గుమ్మంలోనే చెప్పి ఉండేది. "ఇంట్లో గొడవలున్నాయా" అనే గడి ఫారంలో పెట్టినవాళ్లు, "ఉన్నాయి" అన్న జవాబు వస్తే ఏం చేయాలో పిల్లలకు చెప్పకుండా పంపించారు. దీన్ని అజాగ్రత్త అంటే సరిపోదు. అడిగే అర్హత లేని ప్రశ్న అడగడం హింసే.

ఇప్పుడు ఆ పిల్లల వైపు నుంచి చూద్దాం. బంటుమిల్లి నుంచీ కృత్తివెన్ను నుంచీ వచ్చే అమ్మాయిలతో నేను మాట్లాడుతూ ఉంటాను. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్టు లేదు, అది నిజంగా పెద్ద ఊరట. బస్సు దిగిన తర్వాత ఆటోకి, మధ్యాహ్నం తిండికి, జిరాక్సులకి, రిపోర్టు బైండింగుకి డబ్బు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. వెళ్లినచోట మరుగుదొడ్డి ఉండదు. నెలసరి రోజుల్లో పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా తిరిగే పిల్లలు నాకు తెలుసు. దారిలో బైకు మీద వెంటపడేవాడు, "సర్వే నన్ను చెయ్యవా" అనే అరుగు మీది పెద్దమనిషి, సంతకం కోసం సాయంత్రం ఒంటరిగా రమ్మనే ఆఫీసరు, వీళ్లందరి గురించీ పిల్లలు నవ్వుతూ చెబుతారు. నవ్వుతూ చెప్పకపోతే ఇంట్లో తెలుస్తుంది. తెలిస్తే చదువు మాన్పిస్తారు. ఈ భయమే అందరికీ కలిసొస్తోంది. ఒక పిల్ల ధైర్యం చేసి చెబితే కాలేజీ చేసిన పని ఏమిటంటే, మరుసటి ఏడు ఆడపిల్లలందరికీ కాలేజీ ఆవరణలోనే మొక్కలకి నీళ్లు పోసే ప్రాజెక్టు ఇచ్చింది. మగపిల్లలు ఊళ్లు తిరిగారు. వేధించినవాడికి ఊరంతా, వేధింపు పడినదానికి నాలుగు గోడలు!

చట్టం ఈ విషయంలో మూగగా లేదు. 2013 నాటి పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం జీతం ఇచ్చినా ఇవ్వకపోయినా, ట్రైనీ అయినా స్వచ్ఛందంగా పనిచేసినా వర్తిస్తుంది. పని మీద వెళ్లిన ప్రతిచోటూ పని ప్రదేశమే. స్వచ్ఛంద సంస్థలు కూడా దాని కిందికి వస్తాయి. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్నవైతే జిల్లాలో స్థానిక కమిటీ, పట్టణాల్లో, మండలాల్లో ఫిర్యాదు తీసుకునే నోడల్ అధికారి ఉండాలి. ఫిర్యాదుకి మూడు నెలల గడువు. యూజీసీ 2015 నిబంధనలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. ఫీల్డ్ ట్రిప్పులు, ఇంటర్న్‌షిప్పులు, స్టడీ టూర్లు జరిగే చోట్లన్నీ క్యాంపస్ కిందే లెక్క. అంటే కలంకారీ షెడ్డు కూడా కాలేజీయే, దానికి పోయే దారి కూడా కాలేజీయే. మరి ఏ లాగ్ బుక్కు అట్ట మీదైనా కమిటీ సభ్యుల ఫోన్ నంబరు చూశారా? స్థానిక కమిటీలు వేయమని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో మళ్లీ జిల్లాలకి గడువు పెట్టి చెప్పాల్సి వచ్చింది. చట్టం వచ్చిన పదకొండేళ్లకి!

అసలు ఈ చట్టం ఎక్కడ నుంచి పుట్టిందో మన సంఘాలకి గుర్తు చేయనక్కర్లేదు. భన్వరీ దేవి రాజస్థాన్ ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్. గౌరవ వేతనం మీద ఫీల్డుకి పంపిన మనిషి. 1992 సెప్టెంబరులో ఒక పసిపిల్ల పెళ్లిని ఆపబోయినందుకు ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు నిందితులని వదిలేసింది. 1997 విశాఖ తీర్పు ఆ కడుపుకోతలోంచి వచ్చింది. "వెళ్లి సమాజాన్ని మార్చిరా" అని ఆడమనిషిని పంపించి వెనక తలుపు వేసుకోవడం ఎలా ఉంటుందో చూసిన దేశం మనది. ఆ పని ఇప్పుడు పద్దెనిమిదేళ్ల పిల్లలతో చేస్తున్నాం.

స్వచ్ఛంద సంస్థల గురించి చెప్పకుండా ఊరుకుంటే ఇదంతా ఎదుటివాళ్ల మీద రాళ్లు వేయడమే అవుతుంది. విద్యార్థులు వస్తున్నారంటే మనకి సంతోషం. ఎందుకు? రిజిస్టర్లు రాయించుకోవచ్చు. ఫండింగ్ వాళ్లకి పంపవలసిన బేస్‌లైన్ సర్వే పిల్లల చేత పూర్తి చేయించుకోవచ్చు. మీటింగుకి కుర్చీలు వేయించుకోవచ్చు, ర్యాలీలో బ్యానరు పట్టించి ఫొటో తీసుకోవచ్చు. కొన్ని సంస్థలు రోజూ రానక్కర్లేదని చెప్పి, డబ్బు తీసుకుని సర్టిఫికెట్టు రాసిచ్చేస్తున్నాయి. ఇళ్లలో ఆడవాళ్ల శ్రమకి విలువ కట్టలేదని ఉపన్యాసాలిచ్చే మనం, ఆడపిల్లల శ్రమని "అనుభవం" అని పేరు పెట్టి ఊరికే తీసుకుంటున్నాం. ఆ భారం మోసే మూడో మనిషి అంగన్‌వాడీ టీచరు. ఏ ఆఫీసువాళ్లకి తోచకపోయినా పిల్లలని ఆమె దగ్గరికే పంపిస్తారు. జీతం పెంచమని, గ్రాట్యుటీ ఇమ్మని 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేస్తే ఆమె మీద ఎస్మా ప్రయోగించారు. విద్యార్థులకి సూపర్‌వైజరుగా ఉండటానికి మాత్రం ఆమెకి పైసా ఇవ్వరు, ఆ పని ఉందని కూడా ఎక్కడా రాయరు.

ఇవన్నీ చెబితే, "అయితే ఫీల్డ్ వర్క్ ఎత్తేయమంటారా?" అని ఒక లెక్చరరు గారు నన్ను నిలదీశారు. ఎత్తేయమనను. మా పిల్లల్లో చాలామంది జీవితంలో మొదటిసారి ఒంటరిగా బస్సెక్కింది, ఆఫీసులోకి వెళ్లి నిలబడి మాట్లాడింది ఈ ప్రాజెక్టు కోసమే. అది తక్కువ సంగతి కాదు. ఈ జిల్లాకి ఆ జ్ఞాపకం కూడా ఉంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమని ముంచి పదివేల మందికి పైగా పోయినప్పుడు, ఎందరో విద్యార్థులు వచ్చి శవాలు ఎత్తారు. వాళ్లకెవరూ క్రెడిట్లు ఇవ్వలేదు. 1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగింది. వాలంటీర్లు రాత్రి బడిలో వాచకం తెరిచారు. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠాల్లో తమ బతుకు చూసుకుని సారా దుకాణం ముందు అడ్డంగా కూర్చున్నారు. ఏం చెయ్యాలో తేల్చుకున్నది ఆ ఆడవాళ్లే. బయటినుంచి వచ్చినవాళ్లు పుస్తకం తెచ్చారు, పక్కన నిలబడ్డారు. ఫీల్డ్ వర్క్‌కి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.

మేము మా సంఘంలో కూర్చుని ఒక ఒప్పందపత్రం రాసుకున్నాం. రాసేటప్పుడు కండెలు చుట్టేవాళ్లు, అచ్చు వేసేవాళ్లు, మాతో రెండు వేసవులు పనిచేసిన ముగ్గురు అమ్మాయిలు కూడా ఉన్నారు. కాలేజీ వాళ్లు దాని మీద సంతకం చేస్తేనే మేము లాగ్ బుక్కు మీద సంతకం చేస్తాం. దారి ఖర్చు, భోజనం ఖర్చు ఎవరు ఇస్తారో అందులో రాసి ఉండాలి. కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు లాగ్ బుక్కు మొదటి పేజీలో ఉండాలి. పిల్లలని పంపే ముందు రెండు రోజులు గృహహింస చట్టం, రహస్యం కాపాడటం గురించి చెప్పాలి, కాలేజీకి చేతకాకపోతే మేము చెబుతాం. రిపోర్టుల్లో పేర్లు, ఇంటి నంబర్లు ఉండకూడదు. చెప్పను అనే హక్కు ప్రతి ఇంటికీ ఉందని మొదటి ప్రశ్నకి ముందే చెప్పాలి. వైవాకి ముందు రిపోర్టుని ఆ వీధి ఆడవాళ్ల ముందు చదివి వినిపించాలి. తప్పుంటే వాళ్లే దిద్దుతారు, ఒక ప్రతి వాళ్ల దగ్గరే ఉంటుంది. ఏ సంస్థా పిల్లల చేత తన ఫండింగ్ పని చేయించుకోకూడదు. అంగన్‌వాడీ టీచరు మీద పెడితే ఆమెకి ఆ గంటలకి డబ్బు ఇవ్వాలి.

అన్నిటికన్నా ఎక్కువ వాదన జరిగింది "కుటుంబ యజమాని" గడి దగ్గర. తీసేస్తే ఫారం ఎలా మొదలుపెడతాం అని అమ్మాయిలు అడిగారు. రాట్నం దగ్గర నుంచి లేచి వచ్చిన ఒక పెద్దావిడ, "నిన్న పొద్దున లేచిన కాడి నుంచి పడుకునే దాకా ఏమేం చేశావో అడగండే, అంతా వస్తుంది" అంది. ఇప్పుడు మా ఫారంలో మొదటి ప్రశ్న అదే. దాని కింద ఇరవై నాలుగు గంటలకి ఇరవై నాలుగు గళ్లు ఉన్నాయి. ఫారం, ఒప్పందపత్రం కావలసిన సంఘాలు ఈ పత్రిక చిరునామాకి రాయండి, నకలు పంపిస్తాం. వేసవి సర్వేల జాబితాలు కాలేజీల్లో తయారయ్యేలోగా రాస్తే మంచిది.